మైలేజీ ఎంతిస్తుందండీ?

మనవాళ్లు ఏ దేశంలో ఉన్నా, ఎంత సంపాదించినా, కొత్తగా కొన్న కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మైలేజీ ఎంతిస్తుందండీ?" రెండో ప్రశ్న "పికప్ ఎలా ఉంది?" ఈ రెండింటి మధ్య ఉన్న పేచీ గురించి మాకు ఆరేళ్ల అనుభవం ఉంది. 2015 వేసవి నుంచి 2021 దాకా మేమొక చిన్న డీజిల్ కారు నడిపాం. పోయించిన ప్రతి గాలనుకూ లెక్క రాశాం. ఆ లెక్కల పుస్తకంలో ఎక్కని పద్దు ఒకటి ఉందని మాత్రం ఆలస్యంగా తెలిసింది.

మేము అంటే ఇద్దరం, ఇద్దరమూ డాక్టర్లమే. అప్పట్లో వెస్ట్ వర్జీనియాలోని మోర్గన్‌టౌన్‌లో రెసిడెన్సీ చేస్తున్నాం. రెసిడెంట్ల జీతాల సంగతి ఈ పత్రిక చదివేవారిలో సగం మందికి చెప్పనక్కర్లేదు. బండి 2003 మోడల్ జెట్టా, 1.9 లీటర్ల టీడీఐ ఇంజను, గేర్లు చేత్తో మార్చుకునే రకం. మా చేతికి వచ్చేసరికే లక్షా నలభై వేల మైళ్లు తిరిగింది. శక్తి 90 గుర్రాలు మాత్రమే. కానీ డీజిల్ ఇంజను గుణం గుర్రాల లెక్కలో తెలియదు, లాగుడులో తెలుస్తుంది. నిమిషానికి రెండు వేల చుట్లయినా తిరక్కముందే దాని బలమంతా చక్రాలకు అందుతుంది. మోర్గన్‌టౌన్ అంతా ఎత్తుపల్లాలే. నలుగురు మనుషులు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు ఉన్నా మూడో గేరులో మారుమాట లేకుండా ఎక్కేది. హైవే మీద లారీని దాటాలంటే మాత్రం ముందుగా ఆలోచించుకుని బయల్దేరాలి.

నెలకోసారైనా పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లం. ఒకవైపు ఎనభై మైళ్లు. స్వామి దర్శనం ఎంత నిజమో, పులిహోర అంత నిజం. అక్కడే భోజనాల దగ్గర ఒక పెద్ద డాక్టరుగారు పరిచయమయ్యారు. 1970ల్లో వచ్చినవారు. మా బండి చప్పుడు విని గుర్తుపట్టి బయటికొచ్చారు. ఆయన దగ్గర ఒకప్పుడు డీజిల్ రాబిట్ ఉండేదట. ఆ రకం 1977లో ఈ దేశంలో అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడు నుంచి రాబిట్ కార్లను ఆ గుడికి ఎంతో దూరం లేని న్యూ స్టాంటన్ దగ్గరే తయారుచేయడం మొదలుపెట్టారు. 1988లో ఆ కర్మాగారం మూతపడింది. 1979లో ఇరాన్ విప్లవం తర్వాత గ్యాసు కోసం బంకుల ముందు బారులు తీరినప్పుడు, సరిసంఖ్య నంబరు వాళ్లకి ఒకరోజు, బేసిసంఖ్య వాళ్లకి ఒకరోజు పోసినప్పుడు, ఆయన డీజిల్ పోయించుకుని దర్జాగా ఆసుపత్రికి వెళ్లేవారట.

"48 గుర్రాలమ్మా. సున్నా నుంచి అరవై అందుకోవాలంటే ఇరవై సెకన్లు. కొండ వస్తే లారీల వెనకాల కుడి లేనులో చేరి విష్ణుసహస్రనామం అందుకునేవాణ్ణి. పైకి చేరేసరికి ఫలశ్రుతి దాకా వచ్చేది" అన్నారు. ఆనాడు దేశమంతటా 55 మైళ్ల వేగం హద్దు ఉండబట్టి పరువు దక్కిందని కూడా ఒప్పుకున్నారు. ఆయన కాలానికి మైలేజీ కావాలంటే పికప్ వదులుకోవాల్సిందే. మా కాలానికి టర్బో వచ్చి రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయని మేము మురిసిపోయాం.

ఇక లెక్కలు. కారు అద్దానికి అంటించే మైలేజీ అంకె రోడ్డు మీద పుట్టదు. గదిలో, రోలర్ల మీద, వెచ్చని వాతావరణంలో పుడుతుంది. ఆ పాత పరీక్షలో "హైవే" అంటే పది మైళ్లు, సగటున 48 మైళ్ల వేగం, ఒక్క క్షణం కూడా 60 దాటదు. అలాంటి హైవే అమెరికాలో ఎక్కడుందో మాకు తెలియదు. జనం గోల భరించలేక 1985 మోడళ్ల నుంచి ఈపీఏ వారు పట్టణం అంకెకు 10 శాతం, హైవే అంకెకు 22 శాతం కోత పెట్టారు. 2008 మోడళ్ల నుంచి ఎక్కువ వేగం, ఏసీ, చలి కూడా కలిపి లెక్క మళ్లీ మార్చారు. చాలా గ్యాసు కార్లకు అద్దం మీది అంకె ఆశ మాత్రమే. చిన్న డీజిళ్లు నడిపేవాళ్లు మాత్రం అంతకంటే ఎక్కువే వచ్చిందని చెప్పుకునేవారు. మాకూ అంతే.

మా పద్ధతి మోటుది. ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించడం, తిరిగిన మైళ్లను పోసిన గాలన్లతో భాగించడం, డ్యాష్‌బోర్డు అరలో ఉన్న నోటుపుస్తకంలో రాయడం. వేసవిలో 65 మైళ్ల వేగంతో గుడికి వెళ్లి వస్తే గాలనుకు 50. డ్యూటీకి ఆలస్యమై 75 మీద తోలితే 44. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంటరులో చదివి పరీక్ష రాశాం గానీ, డబ్బు కట్టినప్పుడే అర్థమైంది. జనవరిలో ఇంటి నుంచి ఆసుపత్రికి రెండేసి మైళ్ల ప్రయాణాలు, ఇంజను వేడెక్కేలోపే ఆపేయడం, అప్పుడు 36. అదే బండి, అదే రోడ్డు, మా ఇద్దరిలో ఒకరు నడిపితే 49, ఇంకొకరు నడిపితే 43. ఎవరిది ఏదో రాయం, ఇంట్లో శాంతి ముఖ్యం. మొత్తం మీద ఆరేళ్లకు, 78 వేల మైళ్లకు, సగటు 47 వచ్చింది. గుంటూరు నుంచి పెద్దమామయ్య ఫోన్ చేసినప్పుడల్లా "లీటరుకెంతో చెప్పరా" అనేవాడు. ఇరవై అని చెబితే, అమెరికా వెళ్లి మా ఇండికాతో సమానం చేశారా అని నవ్వేవాడు.

ఈ పొదుపు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. మా ఇంజను గాలిని పంతొమ్మిదిన్నర రెట్లు నొక్కేది. గ్యాసు ఇంజనులో సగం కాలం గాలికి అడ్డంగా మూసుకుని ఉండే రేకు తలుపు పని దీనికి లేదు, ఆ మేరకు వృథా తగ్గుతుంది. పైగా గాలను డీజిల్ గాలను గ్యాసు కంటే బరువు, అందులో శక్తీ ఎక్కువే. అంటే మైలేజీలో కొంత గొప్ప ఇంజనుది కాదు, కొలపాత్రది. ఇదంతా బాగానే ఉంది. కానీ అంత వేడి, అంత గాలి ఒకచోట చేరితే గాలిలోని నత్రజని కూడా కాలుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. పొదుపు, ఆ విషం ఒక తల్లి బిడ్డలు. విషాన్ని అణచాలని పొగను మళ్లీ ఇంజనులోకి తిప్పితే మసి పెరుగుతుంది. వలపన్ని పట్టుకునే యంత్రం పెడితే, ఆ వలను కడగడానికి అదనంగా నూనె కాల్చాలి. ఎటు చూసినా మైలేజీ నుంచో, పికప్ నుంచో పన్ను కట్టాల్సిందే.

ఆ పన్ను ఎగ్గొట్టిన కథ 2015 సెప్టెంబరు 18న బయటపడింది. ఫోక్స్‌వాగన్ కంపెనీ 2009 నుంచి 2015 మోడళ్ల దాకా సుమారు 4,82,000 చిన్న డీజిల్ కార్లలో, పరీక్ష జరుగుతోందని కనిపెట్టే ప్రోగ్రాము పెట్టిందని ఈపీఏ ప్రకటించింది. స్టీరింగు తిరుగుతోందా లేదా, వేగం ఎంత, ఇంజను ఎంతసేపటి నుంచి నడుస్తోంది, గాలి పీడనం ఎంత అని చూసుకుని, గదిలో ఉన్నంతసేపు బుద్ధిగా, రోడ్డెక్కాక ఇష్టారాజ్యంగా నడిచేవట. దీని తీగ లాగింది మేమున్న మోర్గన్‌టౌన్‌లోనే. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు కొలిచే యంత్రాన్ని కారు డిక్కీలో పెట్టుకుని 2013లో కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. జెట్టాలో హద్దుకు 15 నుంచి 35 రెట్ల నైట్రోజన్ ఆక్సైడ్లు కనిపించాయి. ఆ జట్టులో అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న అన్న పేర్లు చూసి, తెలుగువాళ్లు కాకపోయినా దక్షిణాది వాళ్లే కదా అని మేము గర్వపడ్డాం. మరుసటి ఏడు కోర్టు ఒప్పందం కుదిరి, కంపెనీ ఆ కార్లను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది.

మాది 2003 మోడలు కాబట్టి ఆ జాబితాలో లేదు. గుడి దగ్గర ఎవరు అడిగినా "మాది పాతదండీ, అందులో మోసం లేదు" అని ధీమాగా చెప్పేవాళ్లం. కొన్నాళ్ల తర్వాత ఒక రాత్రి డ్యూటీలో తీరిక దొరికి పాత నిబంధనలు చదివాం. కొత్త కార్లకు హద్దు మైలుకు 0.07 గ్రాములు. అంతకు ముందు తరం నిబంధనల్లో డీజిల్ కారుకు మైలుకు ఒక గ్రాము దాకా అనుమతి ఉండేది. అంటే 14 రెట్లు. అబద్ధమాడిన కారు 15 రెట్లకు దొరికిపోయింది, నిజం చెప్పిన మా కారుకు 14 రెట్ల దాకా రాసిచ్చిన అనుమతి ఉంది. రోగి ఊపిరితిత్తులకు ఈ తేడా తెలుస్తుందా? పైగా మా దానికి మసి పట్టే జల్లెడ కూడా లేదు. ఎత్తులో గట్టిగా తొక్కితే వెనకాల నల్లగా కనిపించేది. దాన్ని మేము పికప్ అనుకునేవాళ్లం.

ఆ ఊళ్లో మా వార్డులు ఎలా ఉండేవో చెప్పాలి. బొగ్గు గనుల్లో ముప్ఫయ్యేళ్లు పనిచేసి, మంచం మీద కూర్చుని ముందుకు వంగి ఊపిరి తీసుకునే పెద్దవాళ్లు. ఆస్తమాతో రాత్రి రెండింటికి వచ్చే పసిపిల్లలు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. మేము ఆ పిల్లల తల్లిదండ్రులకు ఇంట్లో సిగరెట్లు మానమని చెప్పి, కిందికొచ్చి, బండి తాళం తిప్పి, చలికి ఇంజను వేడెక్కే దాకా ఆ గుమ్మం ముందే ఉంచేవాళ్లం.

పుస్తకం చివరి పేజీలో మిగతా పద్దు రాశాం. గాలనుకు 30 మైళ్లిచ్చే గ్యాసు కారుతో పోలిస్తే మిగిలింది 940 గాలన్లు. డీజిల్ ధర ఎక్కువ కనుక డబ్బులో రమారమి 1,800 డాలర్లు. బొగ్గుపులుసు వాయువు ఆరు టన్నులు తక్కువ, అది నిజమైన లాభమే, దాచక్కర్లేదు. ఎదురు వరుసలో నైట్రోజన్ ఆక్సైడ్లు, మైలుకు గ్రాము చొప్పున వేస్తే 78 కిలోలు. కొత్త హద్దుకు లోబడిన బండి అయితే ఆ మైళ్లకు అయిదున్నర కిలోలు దాటకూడదు.

2021లో హైబ్రిడ్ కారు కొన్నాం. పట్టణంలోనే 50 ఇస్తుంది. అప్పటికే ఈ దేశంలో చిన్న డీజిళ్ల కథ ముగిసింది. 2019తో షెవ్రొలే క్రూజ్ డీజిల్ కూడా ఆగిపోయింది. ఇండియాలో మారుతి వాళ్లు 2020 ఏప్రిల్‌లో డీజిల్ మానేశారు. మరి పాతదాన్ని ఏం చేయాలి? తుక్కుకి ఇస్తే మూడు వందల డాలర్లు. కర్నూలు కుర్రాడొకడు, కొత్తగా చేరిన రెసిడెంటు, రెండు వేలిస్తానని వచ్చాడు. అమ్మితే పొగ ఆగదు, నడిపేవాడు మారతాడంతే. నెలరోజులు తేల్చుకోలేకపోయాం. చివరికి పుస్తకం వాడి ముందు పెట్టి ఆఖరి పేజీ చదవమన్నాం. చదివాడు. "నా దగ్గరున్న డబ్బుకి ఇదే వస్తుందక్కా" అన్నాడు. ఆరేళ్ల కిందట మా మాటా అదే. వెయ్యి తీసుకుని, పుస్తకంతో సహా ఇచ్చేశాం.

మొన్న సంక్రాంతికి ఫోన్ చేశాడు. "అక్కా, గుడికెళ్లొచ్చాను, 51 వచ్చింది!" అన్నాడు. మా రికార్డు పోయినందుకు ఒక్క క్షణం మనసు చివుక్కుమన్న మాట నిజం. పొద్దున్నే బండి ఎక్కడ వేడి చేస్తున్నావని అడిగాం. అపార్టుమెంటు గుమ్మం ముందే, అయిదే నిమిషాలని చెప్పాడు. కింది వాటాలో ఎవరుంటారని అడిగితే, కనుక్కుని చెబుతానన్నాడు.