ఖోర్ రోరీ లోతు గీతలు

నీటి అడుగున ఒకే లోతున్న చోట్లను కలుపుతూ గీసే గీత సమలోతు రేఖ. నెదర్లాండ్స్‌లోని స్పార్నె నదికి పీటర్ బ్రౌయిన్స్ 1584లో గీసిన పటంలోనే ఇలాంటి గీత కనిపిస్తుంది. కొల్లేరు వల్ల కాంటూరు అన్న మాట తెలుగువారికి బాగా పరిచయమే. 1999లో అక్కడ +5 అడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. అది సముద్రమట్టం నుంచి ఎత్తు చెప్పే గీత. సమలోతు రేఖ నీటిమట్టం నుంచి కిందికి లెక్క చెబుతుంది.

ఒమన్‌లోని సలాలా తీరంలో లోతు కొలిచి ఇలాంటి గీతలు గీసే అభిరుచికి తగిన మడుగులు చాలా ఉన్నాయి. కొండల నుంచి వచ్చే వాగు సముద్రంలో కలిసేచోట ఇసుక దిబ్బ అడ్డుపడగా ఏర్పడ్డ ఈ నీళ్లను అక్కడ ఖోర్ అంటారు. వీటిలో ఖోర్ రోరీ పెద్దది. సలాలాకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, తాఖా, మిర్బాత్ ఊళ్ల మధ్య ఉంటుంది. దర్బాత్ వాగు నీళ్లు ఇందులోకే వస్తాయి.

ఈ వ్యాసకర్త మడుగు ఒడ్డునున్న సుమ్హురం అనే ప్రాచీన రేవు శిథిలాల గోడ దగ్గర నిలబడి చూసినప్పుడు మడుగంతా ఒక్క చూపులో కనిపించింది. ఒడ్డున ఒంటెలు మేస్తున్నాయి. గట్టు వెంట నీళ్లు లేత ఆకుపచ్చ, నడుమ ముదురు రంగు. ఎదురుగా రెండు కొండ కొమ్ముల మధ్య ఇసుక దిబ్బ, దాని అవతల అరేబియా సముద్రం. క్రీ.పూ. మూడో శతాబ్దంలో కట్టిన ఈ రేవు నుంచి సాంబ్రాణి ఓడలకెక్కేది. క్రీ.శ. ఐదో శతాబ్దానికి ఊరు పాడుపడింది. దిబ్బ పెరిగి ఓడల దారి మూసుకుపోవడం అందుకు ఒక కారణమని పరిశోధకుల అభిప్రాయం. ఒక రేవు బతుకు దాని లోతు మీద ఎంతగా ఆధారపడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

1830లలో కెప్టెన్ హెయిన్స్ పాలినూరస్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడలో వచ్చి ఈ దక్షిణ అరేబియా తీరాన్ని సర్వే చేశాడు. అప్పటి సాధనం సీసపు గుండు కట్టిన తాడే. గుండు అడుగున కొవ్వు పూస్తే దానికి అంటుకొచ్చిన ఇసుకో బురదో నేల స్వభావాన్ని చెప్పేది. ఆంగ్లేయుల కొలత ఆరడుగుల ఫాథమ్. చేతులు చాచి కొలిచే మన బార కూడా దాదాపు అంతే.

అభిరుచి కోసం కొలిచేవారికి ఇప్పటికీ ఆ తాడు చాలు. ముడులు వేసిన తాడుతో ఒక ఒడ్డు నుంచి ఎదుటి ఒడ్డుకు వరసగా కొలుస్తూ పోవాలి. ప్రతి అంకె పక్కన జీపీఎస్ చూపిన చోటు, వేళ రాసుకోవాలి. రెండు మీటర్ల చుక్కకూ నాలుగు మీటర్ల చుక్కకూ సరిగ్గా నడుమ మూడు మీటర్ల గీత వెళ్తుందని అనుకుని కలుపుతారు. గీతలు దగ్గరపడితే అక్కడ అడుగు నిటారుగా దిగుతోందని అర్థం. ధ్వనిని అడుగుకు పంపి తిరిగొచ్చే కాలాన్ని కొలిచే సోనార్ పని వేగం చేస్తుంది. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి, తిరిగొచ్చిన కాలంలో సగాన్ని ఆ వేగంతో గుణిస్తే లోతు వస్తుంది. ఉప్పునీటిలో ఆ వేగం కాస్త ఎక్కువే అయినా నాలుగు మీటర్ల లోతులో తేడా సుమారు పది సెంటీమీటర్లే. అసలు మోసం నాచు దగ్గర జరుగుతుంది. సోనార్ దాన్నే నేలనుకుంటుంది. తాడు మాత్రం మెత్తటి బురదలో దిగబడి లోతును ఎక్కువ చేసి చూపుతుంది. రెండూ వాడి సరిచూసుకోవడమే మేలు.

అన్నిటికంటే ముఖ్యం నీటిమట్టం. దిబ్బ మూసి ఉన్నప్పుడు పోటుపాట్ల ప్రభావం తక్కువ. వాన పడితే మాత్రం మడుగు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగే ఖరీఫ్ జల్లుల ముందు కొలిచిన అంకెను, తరవాత కొలిచినదాన్ని ఒకే పటంలో కలిపితే ఆ పటం అబద్ధం చెబుతుంది. కదలని రాయి మీద ఒక గుర్తు పెట్టుకుని, నీళ్లు దానికెంత కిందున్నాయో రోజూ చూసి లెక్క సరిచేయాలి.

సుమ్హురం 2000 నుంచి ప్రపంచ వారసత్వ స్థలంలో భాగం. సలాలా ఉన్న ధోఫార్ ప్రాంతపు ఖోర్లు 1997 నుంచి రక్షిత ప్రాంతాలు. కొలవాలనుకునేవారు పడవ దింపకముందే అధికారుల అనుమతి తీసుకోవాలి.