పద్నాలుగు చెంబుల బిందె

మా ఇంట్లో ఇప్పుడు లేని వస్తువొకటి నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ఇత్తడి బిందె. అమ్మ పెళ్లికి అమ్మమ్మ పెట్టింది. నా బీటెక్ ఫస్టియర్ ఫీజుకి తక్కువ పడితే బాపు దాన్ని తూకానికి అమ్మేశాడు. ఆ రోజు అమ్మ ఏమీ అనలేదు. ఇప్పటికీ అనదు. నాకు కష్టమనిపించేది అదే.

పోయిన దసరాకి చిల్పూర్ వెళ్లినప్పుడు దాన్ని త్రీడీలో గీద్దామని కూర్చున్నా. ఫొటో ఒక్కటి లేదు. "ఎంత ఉండేదమ్మా?" అంటే, "పద్నాలుగు చెంబులు పోస్తే నిండేది" అంది. ఆ చెంబు ఇంకా ఉంది. కొలిస్తే 700 మిల్లీలీటర్లు. అంటే బిందె 9.8 లీటర్లు. ఇంతలో అరుగు మీది నుంచి బాపు, "రెండు కిలోల నాలుగు వందలు తూగింది" అన్నాడు. అమ్మ చప్పున లోపలికి పోయింది.

ఈ రెండు లెక్కలు చాలు. ఇత్తడి ఘన సెంటీమీటరుకి దాదాపు 8.5 గ్రాములు. అంటే 2,400 గ్రాములకి 282 ఘన సెంటీమీటర్ల లోహం. ఆ సైజు గుండ్రటి బిందెకి పైతలం 2,300 చదరపు సెంటీమీటర్లు వేసుకుంటే, రేకు మందం 1.2 మిల్లీమీటర్లు.

ఫ్రీక్యాడ్ ఉచితం, 2002 నుంచీ ఉంది. సగం బిందె గీతను గీసి చుట్టూ తిప్పితే గట్టి ముద్ద వస్తుంది. మూతి ముఖం తీసేసి మందం చెప్తే లోపల బోలు అవుతుంది. నేను బయటి ముద్దని 9.8 లీటర్లు చేసి లోపలికి తొలిచా. తప్పు! లోహం అందులోంచే పోయింది కదా, మిగిలింది 9.52. పద్నాలుగో చెంబు సగం దాటగానే పొర్లిపోతది. అమ్మ నమ్మదు.

అందుకే తిరగేశా. ముద్ద అంటే బిందె కాదు, అందులోని నీళ్లు. నీళ్లకి బయట 1.2 రేకు తొడగాలి. ఈసారి ఎర్రగా ఎర్రర్. రాత్రి ఒంటిగంట దాకా అర్థం కాలేదు. మెడ భుజాన్ని కలిసే చోట లోపలికి వంగిన మలుపు వ్యాసార్థం 1 మిల్లీమీటరే ఇచ్చా. రేకు బయటికి పెరిగేకొద్దీ ఆ మలుపు ఇరుకవుతుంది. 1లోంచి 1.2 తీస్తే ఏం మిగులుతుంది? 3 చేశా. అయిపోయింది.

హైదరాబాద్ తిరిగొస్తూ పెంబర్తిలో దిగా. ఇత్తడి రేకు పనికి జీఐ గుర్తింపు ఉన్న ఊరు, రోజూ బస్సులోంచి చూసి పోయేదే. ఒక పెద్దాయన రేకుని లక్క మీద పెట్టి వెనక నుంచి కొడుతున్నాడు. ఫోన్‌లో మోడల్ చూపించా. "అంతటా ఒక్కతీరు మందమెట్లుంటది బిడ్డా? కొడితే సాగుతది, సాగిన కాడ పలచబడతది" అన్నాడు. నేను లెక్కేసిన 1.2 ఉత్త సగటు. అమ్మ బిందె పొట్ట ఎంత పలచగా ఉండేదో ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలీదు.

రూమ్మేట్ ప్రింటర్‌లో నాలుగో వంతు సైజులో ముద్రించా. అక్కడా చిక్కే. 1.2లో నాలుగో వంతు 0.3, ప్రింటర్ మూతి 0.4. గోడలే రాలేదు. మందం 0.8 చేస్తేగానీ నిలబడలేదు.

సంక్రాంతికి తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టా. ఒక టీ కప్పు నీళ్లు పట్టే బిందె. నీళ్లు పోసి చూసింది, పారబోసింది. భుజం చుట్టూ బొటనవేలితో తడిమింది.

"మా అమ్మ పేరేదిరా?"

బిందె మీద చుక్కలతో అమ్మమ్మ పేరు కొట్టించారట. అందులో ఒక అక్షరం తప్పు కొట్టాడట ఆ కొట్టేటాయన. బాపు తల దించుకుని ఉన్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, ఏ అక్షరం తప్పో రాసి చూపించమని పెన్ను ఇచ్చా. "తప్పుగనే పెట్టు మరి" అంది అమ్మ.