లాటరీ టికెట్ ఎక్కడ కొన్నట్టు లెక్క?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

సెలవులకి ఊరెళ్తే ఎవరో ఒకరు మా చేతికి ఫోన్ ఇస్తారు. "చదువుకుంటున్నోళ్లు కదా, ఇదేందో చూడండి" అని. చూస్తే అదే మెసేజ్: మీకు 25 లక్షల లాటరీ తగిలింది, ముందు టాక్స్ కింద ఇంత కట్టండి. టికెట్టే కొనకుండా లాటరీ ఎట్లా తగుల్తది మామా అంటే, "సర్కారోళ్లు ఇస్తున్నరేమో" అంటాడు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సర్కారు లాటరీ లేనే లేదు. కేరళలో 1967 నుంచి ఉంది, అది కూడా కాగితం టికెట్టే, ఆన్‌లైన్‌లో అమ్మరు. నిజంగా ప్రైజు వస్తే టాక్స్ అందులోనే పట్టుకుంటారు, ముందు కట్టమని ఎవరూ అడగరు. ఈ ఒక్క ముక్క మీ ఊళ్లలో కూడా చెప్పండి.

ఈ లాటరీల సంగతి వెతుకుతుంటే మాకు ఒక తెగ కథ దొరికింది. ఈ పోస్టు అసలు దాని కోసమే.

అమెరికాలో ఐడహో రాష్ట్రం ఉత్తరాన కోర్ డలేన్ అనే తెగ ఉంది. 1990ల్లో వాళ్లు దేశమంతటికీ ఒక లాటరీ పెట్టారు. మొదట ఫోన్‌లో టికెట్ అమ్మాలనుకున్నారు, ఆ తర్వాత ఇంటర్నెట్‌లో అమ్మారు. ఇప్పుడు యాప్‌లు చేస్తున్న పనిని ఆ తెగ అప్పుడే మొదలుపెట్టిందన్నమాట.

ఆ ధైర్యం ఎక్కడిది? కాలిఫోర్నియాలో కబజాన్ అనే చిన్న తెగ తన నేల మీద బింగో ఆడిస్తుంటే (మన తంబోలానే) ఆపబోయారు. ఆపే అధికారం రాష్ట్రానికి లేదని 1987లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటేడు కేంద్రం ఒక చట్టం చేసింది. తెగలు ఆటలు నడుపుకోవచ్చు, వచ్చిన డబ్బు తెగ పాలనకి, సంక్షేమానికి, అభివృద్ధికి, ఇలాంటి వాటికే వాడాలి. కానీ ఆట తెగ నేల మీదే జరగాలి.

గొడవంతా ఆ చివరి మాట దగ్గరే. మిస్సోరిలో ఇంట్లో కూర్చున్న మనిషి టికెట్ కొంటే ఆట ఎక్కడ జరిగినట్టు? లాటరీ నడిచేది మా నేల మీద కాబట్టి ఇక్కడే అంది తెగ. కొన్నోడు మా దగ్గర ఉన్నాడు కాబట్టి మా చట్టమే అన్నాయి రాష్ట్రాలు. లైన్ ఇవ్వొద్దని ఫోన్ కంపెనీకి ఉత్తరాలు రాశాయి. మిస్సోరి అయితే కోర్టుకే ఎక్కింది. ఆ మిస్సోరికి 1986 నుంచి సొంత లాటరీ ఉంది, ఐడహోకి 1989 నుంచి ఉంది! తాము అమ్మితే ఖజానా, తెగ అమ్మితే నేరం. కేసులు ఏళ్ల తరబడి నడిచాయి, లాటరీ మాత్రం నిలబడలేదు.

మా రూమ్‌లో దీని మీద రాత్రి చాలాసేపు వాదించుకున్నాం. సగం మంది తెగ వైపే. 1/70 చట్టం ఉన్న ఏజెన్సీలో పుట్టినోళ్లకి ఈ బాధ కొత్తగా చెప్పాలా? నేల మనదే అని కాగితం మీద ఉంటది, దాని మీద ఏదైనా సంపాదిద్దామంటే మాత్రం సవాలక్ష అడ్డాలు.

మిగతా సగం ఇంకో మాట అడిగారు: ఆ టికెట్లు కొనేది ఎవరు? అమెరికాలో పవర్‌బాల్ అనే పెద్ద లాటరీ ఉంది. పెద్ద ప్రైజు తగిలే అవకాశం 29 కోట్ల 22 లక్షల్లో ఒకటి. తమ ఆదాయంలో ఎక్కువ వాటా టికెట్లకి పెట్టేది బీదోళ్లే. జార్జియా రాష్ట్రంలో 1993 నుంచి లాటరీ డబ్బుతో, మార్కులు బాగా వచ్చిన పిల్లలకి కాలేజీ ఫీజు కడుతున్నారు. బీద ఇళ్ల డబ్బు కలిగినోళ్ల పిల్లల చదువుకి పోతోందని అక్కడి పరిశోధకులు చాలా రాశారు.

మరి అట్లాంటి డబ్బుతో మన ఫీజు కడితే తీసుకుంటామా? మాలో ఒకడు వెంటనే తీసుకుంటా అన్నాడు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలీక మేస్త్రీ దగ్గర నాన్న అప్పు చేశాడంట, దానికంటే నయమే కదా అని. వాడికి జవాబు చెప్పలేక కాసేపు అందరం ఊరుకున్నాం. మీరైతే ఏమంటారో కింద రాయండి.

అన్నట్టు, అదే కోర్ డలేన్ తెగ 2001లో ఇంకో కేసు గెలిచింది. తమ పేరే ఉన్న సరస్సు అడుగు నేలలో దక్షిణం వైపు మూడో వంతు తెగ కోసం కేంద్రం చేతిలో ఉన్నదే, ఐడహో రాష్ట్రానిది కాదని సుప్రీంకోర్టు చెప్పింది, 5-4 తేడాతో. దాని మీద పరీక్షలయ్యాక ఇంకో పోస్టు పెడతాం.