అచ్చుకెక్కని మాట

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు వేల తెలుగు పుస్తకాల్ని స్కాన్ చేశాయి. మంచిదే. ఆ సైటు మూతపడ్డా ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి. పిఠాపురం కవి ఉమర్ ఆలీషా (1885-1945) పద్యాల్ని ఇంట్లో కూర్చునే చదువుకుంటున్నాం. వెతకబోతే పేర్లు ఇంగ్లీషక్షరాల్లో, తలోరకంగా. రేషను కార్డులో మా పేర్లలాగే!

అసలు బాధ అది కాదు. అచ్చయిందే కదా స్కానరు కిందికెళ్లేది? మా నానీలు, దాదీలు ఏం అచ్చేయించారు? "ఆయ్, అబ్బా నమాజుకెళ్లారండి" అనే మా గోదావరి ఇంటిమాట ఏ పుస్తకంలో ఉంది? పెళ్లిళ్లలో మా ఆడవాళ్ల పాటలేవి? యంత్రానికి తెలుగు నేర్పేది ఈ పుస్తకాలూ పత్రికలతోనే. వాటిలో మేం కనబడితే ఏ చారిత్రక నవల్లోనో, చేతిలో కత్తితో.

రాజమండ్రిలో 2006 నుంచి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పిల్లల చేతికి రికార్డర్లిచ్చి మా వీధులకి పంపితే ఎంతవుతుంది? స్కానరు కంటే చవకే. వచ్చేవాళ్లు తొందరగా రావాలి. చెప్పేవాళ్లు ఎనభై దాటారు.