గూడు నేలపట్టులో... వంటిల్లు పులికాట్‌లో!

నేలపట్టు చెరువు కట్ట ఎక్కుతుంటే ముందు గోల వినిపిస్తుంది. ఆ తర్వాతే చెట్లు కనిపిస్తాయి. నీళ్లలో నడుముదాకా మునిగి నిలబడ్డ కడప చెట్లవి. సంక్రాంతికి ఎవరో పనిగట్టుకుని సున్నం కొట్టించినట్టు కొమ్మలన్నీ తెల్లగా ఉంటాయి. కొమ్మకొమ్మకీ పుల్లల గూళ్లు. గూటికి రెండో మూడో పిల్లలు. పెద్ద గూడబాతులు అంతగా నోరు మెదపవు. అల్లరంతా పిల్లలదే... ఆకలి గోల!

ఎండ కాస్త ఎక్కాక తల్లో తండ్రో రెక్కలు విప్పి లేస్తుంది. వేడెక్కిన గాలి మీద చుట్లు తిరుగుతూ పైపైకి వెళ్లి, రెక్క ఆడించకుండానే తూర్పుకేసి జారిపోతుంది. అటువైపు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో పులికాట్ సరస్సు. ముక్కు కింద ఉన్న సంచిలో చేపలు నింపుకుని వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ సంచి చేపను పట్టే వలే తప్ప మోసే బుట్ట కాదు. పట్టిన చేపను మింగేసి, గూటికొచ్చాక మళ్లీ గొంతులోకి తెచ్చి పిల్లలకు పెడుతుంది. పిల్ల ఏకంగా తన తలను తల్లి గొంతులోకి దూర్చేసి తింటుంది. మొదటిసారి చూసేవాళ్లకు తల్లే పిల్లను మింగేస్తోందేమో అనిపించి గుండె గుభేలుమంటుంది.

2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, అప్పుడే కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చిన దొరవారిసత్రం మండలంలో ఉంది ఈ ఊరు. చెరువు, దాని చుట్టూ ఉన్న చిట్టడవి కలిపి సుమారు 458 హెక్టార్లు. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైంది. గూడబాతులతో పాటు నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు అక్టోబరు నుంచి మార్చిదాకా ఇక్కడ కాపురం పెడతాయి. వీటన్నిటినీ కలిపి ‘సైబీరియా పక్షులు’ అనడం వాడుక. పాపం, గూడబాతుకు సైబీరియా ఎక్కడుందో కూడా తెలియదు! అది అచ్చంగా ఇటువైపు పక్షే. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే వస్తుంది. నిండకపోతే మరో చోటు వెతుక్కుంటుంది.

చెరువు నిండటంతో దానికేం పని? చెట్టు చుట్టూ నీళ్లుంటే అదే కోట కందకం. నక్కలూ అడవిపిల్లులూ గూటిదాకా రాలేవు. కానీ వేల నోళ్లకు సరిపడా చేప ఈ ఒక్క చెరువులో ఎక్కడిది? పులికాట్‌లో చేపకు కొదవలేదు కానీ, నీళ్ల మధ్య ఇలా గుంపులుగా నిలబడ్డ చెట్లు లేవు. చిలకా తర్వాత మన దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు అది. ఒకవైపు వాన నీరు, వాగుల నీరు, మరోవైపు సముద్రపు పోటు వచ్చి కలిసే చోటు. చాలాచోట్ల మనిషి నడిచి దాటగలిగేంత లోతే. చేపపిల్లలు, రొయ్యలు పెరగడానికి అంతకంటే ఏం కావాలి! అక్కడి తిండినీ ఇక్కడి చెట్టునీ కలిపి సంసారం నడుపుతోంది పక్షి.

అసలు కథ చెట్టు కింద మొదలవుతుంది. పిల్లలు గూట్లో మూడు నుంచి అయిదు నెలలు ఉంటాయి. అన్నాళ్లూ అవి తిన్నదంతా రెట్టగా నీళ్లలో పడుతూనే ఉంటుంది. అందులో నత్రజని, భాస్వరం పుష్కలం. రైతు బస్తాల్లెక్కన కొని చల్లే ఎరువుల్లో ఉండేవీ అవే. వాటితో నీళ్లలో నాచు పెరుగుతుంది. నాచు తిని కంటికి కనిపించని పురుగులు, వాటిని తిని చిన్న చేపలు, తూనీగల పిల్లలు. ఆ చేపల కోసం నీటిపాములు, చిన్న కొంగలు. గూట్లోంచి జారిపడిన చేప ముక్కకు కింద కాచుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు. చెరువు కింద పొలానికి పారే నీరూ ఆ బలంతోనే పారుతుంది.

ఒక చోట పుట్టిన తిండి పక్క చోట ఉన్న ప్రాణుల్ని పోషించడాన్ని పర్యావరణ శాస్త్రవేత్తలు ‘సబ్సిడీ’ అనే పిలుస్తారు. గ్యాస్ బండకూ రేషన్ బియ్యానికీ వాడే మాటే! పులికాట్ ఇచ్చే సబ్సిడీతో నేలపట్టు నడుస్తోందన్నమాట. ఇది ఒకవైపు దారి కూడా కాదు. నత్తగుల్లకొంగ పులికాట్‌దాకా పోకుండా వరి మళ్లలో దిగి నత్తల్ని ఏరుకు తింటుంది. మడిలో నత్త చెరువులో రెట్టగా మారి, నీళ్లతో పాటు మళ్లీ మడికే వస్తుంది. పులికాట్ జాలరికీ నేలపట్టు రైతుకూ ముఖపరిచయం ఉండకపోవచ్చు. మధ్యవర్తిత్వం మాత్రం కమీషన్ అడగని పక్షిది.

ఈ లెక్క పల్లెజనానికి శాస్త్రవేత్తల కంటే ముందే తెలుసు. చెన్నైకి అవతల ఉన్న వేడంతాంగళ్ ఊరివాళ్లు తమ చెరువులో కొంగల్ని తెల్లదొరల సిపాయిలు కాల్చేస్తుంటే ఊరుకోలేదు. రెట్ట కలిసిన చెరువు నీటితో పంట బాగా వస్తుందని వాళ్లకు అనుభవం. చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరికి వెళ్లి, పక్షుల్ని కాపాడుకునే హక్కు తమదేనని 1798లో కౌలు పత్రం రాయించుకున్నారు. 1858లో దాన్ని మళ్లీ ఖాయం చేయించుకున్నారు. పక్షి ప్రేమ, పంట మీద ప్రేమ... అందులో ఏది ఎంత అని విడదీయడం కష్టం. విడదీయాల్సిన అవసరమూ లేదు!

మరి పక్షి రావడం మానేస్తే? అలాస్కా దగ్గర అల్యూషన్ దీవుల్లో అదే జరిగింది. బొచ్చు వ్యాపారం కోసం పందొమ్మిదో శతాబ్దంలోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ అక్కడి చాలా దీవుల్లో నక్కల్ని వదిలారు. అవి సముద్ర పక్షుల్ని తినేశాయి. సముద్రం నుంచి నేలకు వచ్చే రెట్ట ఆగిపోయింది. నక్కలు ఉన్న దీవుల్నీ లేని దీవుల్నీ పోల్చి చూసిన శాస్త్రవేత్తలు 2005లో ఫలితం ప్రకటించారు. పక్షులున్న చోట దట్టమైన పచ్చిక, నక్కలు చేరిన చోట పొట్టి పొదలు. నక్క గడ్డి తినలేదు. కానీ గడ్డి పోయింది!

అంత దూరం పోనక్కర్లేదు. కొల్లేరు ప్రాంతంలో 1946లో కేరళకు చెందిన పక్షి శాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్ చూసిన గూడబాతుల స్థావరంలో దాదాపు 3 వేల పక్షులున్నాయి. 1975 ప్రాంతానికి అది ఖాళీ అయిపోయింది.

పక్షి మోసుకొచ్చేదంతా మేలే అనుకోవడానికీ లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పక్షుల్ని ఊరికి శుభమని కంటికి రెప్పలా చూసుకుంటుంది. 2021 చివర్లో, 2022 మొదట్లో అక్కడ వందకు పైగా గూడబాతులు వరసగా చచ్చిపోయాయి. బర్డ్ ఫ్లూ వచ్చిందేమోనని కంగారు పడ్డారు. చివరికి బయటపడింది కడుపులో నులిపురుగులు. తిన్న చేపల ద్వారానే వచ్చి ఉంటాయని అనుమానం. ఊరు గూళ్లను ఎంత భద్రంగా కాచినా, పక్షి ఏ చెరువులో ఏం తిందో కాపలా కాయడం ఎవరి తరం?

నేలపట్టుకున్న బెంగా అలాంటిదే. కంచె గూళ్ల చుట్టూ ఉంది. పులికాట్‌ను కూడా రక్షిత ప్రాంతంగానే ప్రకటించారు. కానీ ఆ రెంటి మధ్య ఉన్న చిన్న చెరువులు, కాలువలు, వరి మళ్లు ఎవరి రక్షణలోనూ లేవు. పైగా పులికాట్ బతకాలంటే సముద్రపు పోటు లోపలికి రావాలి. వాకాడు మండలం వైపు ఉన్న రాయదొరువు ముఖద్వారం ఇసుక మేటలతో పూడిపోయింది. పూడిక తీయమని జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు. పోటు రాకపోతే చేపపిల్ల రాదు. ఎండాకాలంలో సరస్సు చాలా మేర ఎండి బీడవుతుంది. ముందు ఖాళీ అయ్యేది జాలరి వల. అక్కడితో ఆగదు కదా... ఆ వెలితి ఇరవై కిలోమీటర్ల అవతల కడప చెట్టు మీదికీ, దాని కింద మడిలోకీ చేరుతుంది. ముఖద్వారం గురించి జాలర్లు ఒక్కళ్లే అడగడం, నేలపట్టు రైతులు వాళ్ల పక్కన లేకపోవడమే విచిత్రం.

డిసెంబరు, జనవరి నెలలు నేలపట్టు చూడటానికి మంచి సమయం. సూళ్లూరుపేట నుంచి దొరవారిసత్రం మీదుగా వెళ్లొచ్చు. చెన్నై-గూడూరు మార్గంలో దొరవారిసత్రానికి రైల్వే స్టేషనూ ఉంది. మధ్యాహ్నం వెళ్తే చాలా గూళ్ల దగ్గర కాపలా పక్షి ఒక్కటే కనిపిస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక కట్ట మీద నిలబడి తూర్పుకేసి చూడాలి. ముందు చుక్కలు, తర్వాత వంకర గీతలు, ఆ తర్వాత తల మీదుగా బరువైన రెక్కల చప్పుడు. అప్పుడు టోపీయో గొడుగో దగ్గరుండాలి. పులికాట్ చేప చెరువుకు చేరే దారిలో చూడ్డానికొచ్చినవాళ్ల తలలూ ఉంటాయి మరి!