బుడమేరు తగ్గాక వచ్చిన చీమలు

వరద తీశాక బురద ఉంటుందని తెలుసు, పాములొస్తాయని తెలుసు. చీమలొస్తాయని మాత్రం మాకెవరూ చెప్పలేదు.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు మా వీధిలోకి వచ్చేసింది. ముందు గుమ్మంలో చెప్పులు తేలాయి, తర్వాత స్కూటరు మునిగింది, ఆ తర్వాత కింద వాటా వాళ్లు బిందెలతో సహా మా మేడ మీదికి ఎక్కేశారు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నాయన్నారు. మిగతాదంతా మీరు పేపర్లలో చదివిందే. పడవలు, డ్రోన్లు, పులిహోర పొట్లాలు... వాటి గురించి ఇక్కడ చెప్పను. నేను చెప్పాలనుకున్నది మావాడి చేపల సంగతి.

మావాడప్పుడు తొమ్మిదో తరగతి. హాల్లో కిటికీ పక్కన వాడిది 60 లీటర్ల అక్వేరియం, అందులో అయిదు గోల్డ్‌ఫిష్‌లు. కరెంటు పోయింది, గాలి కొట్టే పంపు ఆగిపోయింది. సెల్లులో ఛార్జింగ్ ఉండగానే వాడు మా తమ్ముడికి ఫోన్ చేశాడు. తమ్ముడికి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి (కైకలూరు ఇప్పుడు ఏలూరు జిల్లాలోకి పోయిందనుకోండి, మా నోటికి ఇంకా కృష్ణా జిల్లాయే). "మేత ఒక్క గింజ కూడా వెయ్యకు. వారం తినకపోయినా అవి చావవు, మేత కుళ్లితే చస్తాయి. మగ్గుతో నీళ్లు తీసి, పైనుంచి ధార కట్టి మళ్లీ అందులోనే పొయ్యి" అన్నాడు. అన్నం పొట్లాల కోసం మేం పిట్టగోడ మీంచి చేతులూపుతుంటే వీడు గంటకోసారి మగ్గుతో ధార కట్టేవాడు. రాత్రిళ్లు టార్చి వెలుగులో మా అత్తగారు కూడా పోసేవారు. అయిదింటికి అయిదూ బతికాయి.

ఆ రోజుల్లోనే మేడ మీంచి చూశాను. నీళ్ల మీద ఎర్రచీమలు అరచేతంత ముద్దగా, ఒకదాన్నొకటి పట్టుకుని తేలుతూ పోతున్నాయి. ఆ ముద్ద మా గోడకి తగిలిందో లేదో, పైకి పాకడం మొదలుపెట్టాయి. చీమలకీ మాకూ ఒకటే దారి, పైకి.

నీళ్లు తీశాయి, కరెంటు వచ్చింది, పంపు మళ్లీ బుడబుడమంది. చీమలు మాత్రం దిగి పోలేదు. నేల తడిసి పుట్టలు పాడైపోతే ఎక్కడికి పోతాయి? కిటికీ చట్రం పక్కన పగులులో కాపురం పెట్టాయి. అక్కడినుంచి బియ్యం డబ్బాకి ఒక బారు, అక్వేరియం మూత మీదికి ఒక బారు. చేపల మేతంటే వాటికి పండగే. అందులో ఉండేదంతా ఎండుచేపల పొడీ, పిండీను. మావాడు మూత తీసినప్పుడల్లా రెండు గింజలు చట్రం మీద పడేవి.

పది రోజులు బురద ఎత్తిపోసిన ఒళ్లు. ఓపిక లేదు. ఒక మధ్యాహ్నం మావాడు స్కూల్లో ఉండగా చీమల సుద్దముక్కతో స్టాండు చుట్టూ, మూత అంచునా గీతలు గీశాను. అది చాలదన్నట్టు స్ప్రే డబ్బా తీసి కిటికీ పగులులోకి బుస్సుమని కొట్టాను. చేపల మీదేం కొట్టలేదు కదా అనుకున్నాను. గాలి పంపు ఉన్నది ఆ కిటికీ గట్టు మీదే అన్న ఆలోచన నాకు రాలేదు. ఆ పంపు గదిలో గాలిని పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. అంటే నేను గోడకి కొట్టిన మందుని అది బుద్ధిగా తీసుకెళ్లి చేపలకిచ్చింది.

సాయంత్రానికి ఒకటి గిరగిరా తిరుగుతోంది. ఇంకోటి గాజుకి తల కొట్టుకుంటోంది. ఆడుకుంటున్నాయనుకున్నాను, నిజం చెబుతున్నాను. మావాడొచ్చి చూసి బ్యాగు కూడా దింపకుండా, "అమ్మా, ఏం చేశావు?" అన్నాడు.

తమ్ముడు ఫోన్‌లోనే తిట్టాడు. "అక్కా, చేపల చెరువుల పక్కన పుట్టి పెరిగావు, అదేం పని? ముందు పంపు తీసి గది బయట పెట్టు. మూత సబ్బుతో కడిగి బాగా తొలువు. సగం నీళ్లు తోడేసి, క్లోరిన్ పోయిన నిలవ నీళ్లు పొయ్యి." వరద భయంతో డ్రమ్ములనిండా నీళ్లు పట్టి ఉంచడం కలిసొచ్చింది. రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి మార్చాం. మూడు పోయాయి. రెండు మిగిలాయి.

డబ్బా వెనక చూస్తే చేపల తొట్టెలు కప్పిపెట్టమని ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

తర్వాత తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు వివరంగా చెప్పాడు. ఈ సుద్దముక్కల్లో, స్ప్రేల్లో ఉండేవి ఎక్కువగా సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి, పైరిత్రాయిడ్లంటారు. నరాల మీద పనిచేస్తాయి. మన ఒళ్లు వాటిని చాలావరకు విరగ్గొట్టుకుంటుంది, చేపకి ఆ శక్తి బాగా తక్కువ. పైగా మొప్పల్లోంచి తిన్నగా రక్తంలోకి పోతుంది. "మరి మీరు చేపల పేనుకి అదే మందు కొడతారుగా?" అన్నాను. గొడవకి కాదు, నా తప్పు కాస్త తగ్గుతుందేమోనని. "కొడతాం. ఎకరం చెరువుకి మిల్లీలీటర్లలో కొలిచి పోస్తాం. నీ అరవై లీటర్లకి లెక్కేసుకో" అన్నాడు. "రొయ్యల వాళ్ల దగ్గర ఆ పేరెత్తకు. రొయ్యకీ చీమకీ దూరపు చుట్టరికం ఉంది. చీమని చంపేది రొయ్యనొదలదు."

మా చిన్నప్పుడు అమ్మ గాదె చుట్టూ గమేగ్జిన్ పొడి చల్లేది, చేత్తోనే. ఆ మందుని దేశంలో 1997లో నిషేధించారు. ఆ చేత్తోనే మాకు అన్నం పెట్టిందని తలుచుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటుంది. కానీ పాలూ పెరుగూ ఉండే గూటి దగ్గరికి మాత్రం ఆ పొడి రానిచ్చేది కాదు. దాని నాలుగు కాళ్ల కిందా రాతి గిన్నెలు, వాటినిండా నీళ్లు. అంతే.

అదే చేశాం. స్టాండుని గోడకి జానెడు దూరం జరిపి, కాళ్ల కింద స్టీలు గిన్నెలు పెట్టి నీళ్లు పోశాం. చెప్పినంత తేలిక కాదు. 60 లీటర్లంటే 60 కిలోలు, గాజు బరువు వేరే. అందుకని చేపల్ని బకెట్లోకి మార్చి, తొట్టె ఖాళీ చేసి ఎత్తాల్సొచ్చింది. రెండ్రోజులకి చీమలు మళ్లీ మూత మీద! చూస్తే పంపు వైరు గోడని ఆనుకునుంది, దాని మీదుగా నడిచొస్తున్నాయి. వైరు కిందికి వేలాడేలా వదిలి, ప్లగ్గు వైపు కాస్త వేజలీను రాశాం. గిన్నెల్లో నీళ్లు వారానికోసారైనా మార్చాలండోయ్, లేదంటే చీమలు పోయి దోమలొస్తాయి.

ఇక పగులులో ఉన్నవి. మెడికల్ షాపులో బోరిక్ పౌడరు తెచ్చాను. క్యారమ్స్ బోర్డు మీద చల్లుకునే పొడే అది. మొదటిసారి చెంచాడు కలిపేశాను. చీమలు తిన్నచోటే పడిపోయాయి, పుట్టలో ఉన్నవి హాయిగా ఉన్నాయి. అలా కాదన్నాడు తమ్ముడు. 100 మిల్లీలీటర్ల నీళ్లకి 10 గ్రాముల పంచదార, పొడి ఒక్క గ్రామే. పల్చగా ఉంటేనే చీమ బతికి ఇంటికి మోస్తుంది. చీమకి రెండు పొట్టలట. ఒకటి తనకి, రెండోది ఇంట్లోవాళ్లకి. ఆ రెండో పొట్టలో తెచ్చింది నోటినుంచి నోటికి పంచుతుంది, చివరికి రాణికీ పిల్లలకీ అందుతుంది.

ఇది విని మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పంచుకు తినే బుద్ధే వాటి కొంప ముంచిందన్నమాట" అన్నారు.

ఆ నీళ్లలో దూది ముంచి, సీసా మూతలో పెట్టి, తొట్టెకి దూరంగా వంటింటి కిటికీ బయట గట్టు మీద ఉంచాను. మాకు పసిపిల్లల్లేరు కాబట్టి సరిపోయింది, ఉంటే చేతికందని చోట పెట్టాలి. మొదటి రెండు రోజులూ చీమలు ఇదివరకటికి రెట్టింపయ్యాయి. మావాడు కంగారుపడ్డాడు. అయిదో రోజుకి బారు పల్చబడింది, రెండో వారానికి లేదు. పగులుని తెల్ల సిమెంటుతో పూడ్చేశాం. నేల మీద వాటి వాసన దారి పోయేలా వెనిగర్ నీళ్లతో తుడిచాను.

మావాడు నాతో మామూలుగా మాట్లాడటానికి అంతకంటే ఎక్కువ రోజులే పట్టింది. కొత్త చేపలు కొనిస్తానంటే వద్దన్నాడు. "ఉన్నవి చాలు" అన్నాడు. ఆ రెండూ వరద చూసినవి కదా.

మా అత్తగారు ఇప్పుడు రాతిపిండి మానేసి గుమ్మంలో బియ్యప్పిండితో ముగ్గేస్తున్నారు. ఎందుకత్తయ్యా అంటే, "వాటికీ ఏదో ఒకటి పెట్టాలిగా అమ్మాయ్, ఇంట్లోకి రాకుండా" అంటారు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ముగ్గు సగం ఉండదు. ఆ వేళకి మావాడు స్టాండు కాళ్ల కింద గిన్నెలు చూసి స్కూలుకెళ్తాడు. ఆ పని నాకు అప్పగించమంటే ఇంతవరకూ అప్పగించలేదు.