భుజాలు మునిగేంత లోతు

కోనసీమలో కాలువ గట్టున పుట్టి పెరిగినవాళ్లకు స్నానమంటే మునకే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. వాటి వెంట ఊరూరా రేవులు వెలిశాయి. వేసవిలో కాలువలు కట్టేసే రోజులు తప్పిస్తే, పొద్దున్నే రేవు మెట్లు దిగడం, పాచి పట్టిన ఆఖరి మెట్టు మీద కాలు నిలదొక్కుకోవడం, భుజాలదాకా నీళ్లలోకి వెళ్లి ముక్కు మూసుకుని మూడు మునకలు వెయ్యడం, ఇదీ వరస. అలా పెరిగిన మా అక్క ఇప్పుడు హైదరాబాదులో రెండో అంతస్తు ఫ్లాట్లో ఉంటోంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవున్న బాత్రూంలో షవర్ కింద నిలబడితే ఒళ్లు తడుస్తుంది గానీ స్నానం చేసినట్టుండదంటుంది. ఆ మాటలో నిజం నాకు తెలుసు.

అరవై దాటి, మోకాళ్లు మొరాయించడం మొదలయ్యాక, "నాకో టబ్బు కావాలే" అంది. ఇంట్లో వాళ్లకు అది హోటళ్లు చూసి పుట్టిన సరదాలా కనిపించింది. నాకలా అనిపించలేదు. నీళ్లలో కూర్చుంటే మన బరువులో చాలా భాగం నీళ్లే మోస్తాయి. కీళ్లు కాసేపు చాకిరీ మానేస్తాయి. చిన్నప్పుడు రోజూ దొరికిన ఆ హాయిని ముసలితనంలో కోరుకోవడం గొంతెమ్మ కోరికేం కాదు.

"అంత చోటెక్కడుంది వదినా?" అని మా ఆడపడుచు అడిగింది. అందరూ అడిగే ప్రశ్నే అది. జవాబు జపాన్ వాళ్ల దగ్గర ఉంది. 1964 టోక్యో ఒలింపిక్స్ నాటికి హోటల్ న్యూ ఒటానీ కట్టడం పూర్తికావాలి. గదికో బాత్రూం చొప్పున అక్కడే కట్టుకుంటూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. అందుకని టోటో కంపెనీ బాత్రూం భాగాలను ఫ్యాక్టరీలోనే తయారుచేసి, తెచ్చి బిగించింది. ఆ పద్ధతి తర్వాత మామూలు ఇళ్లలోకీ వచ్చింది. ఆ గదుల సైజులను అక్కడ అంకెలతోనే పిలుస్తారు. 1216 అంటే లోపలి కొలత 120 సెంటీమీటర్లు, 160 సెంటీమీటర్లు. మన లెక్కలో నాలుగడుగులు, అయిదుంపావు అడుగులు. అందులోనే ఒక టబ్బు, పక్కన కూర్చుని ఒళ్లు రుద్దుకునే చోటు. కమోడ్ మాత్రం వేరే గదిలో ఉంటుంది. అది నిజమే, కానీ ఆ తేడా లెక్కేసుకున్నా మా అక్క బాత్రూం వాళ్లకంటే ఇరుకైనదేం కాదు.

వాళ్ల స్నానం తీరు చదివిన కొద్దీ నాకు మన పెరటి స్నానమే గుర్తొచ్చింది. చిన్న పీట మీద కూర్చుని, చెంబులాంటి దానితో నీళ్లు పోసుకుని, సబ్బు రుద్దుకుని, శుభ్రంగా కడుక్కున్నాకే టబ్బులోకి దిగుతారు. టబ్బు మురికి వదిలించుకునే చోటు కాదు, నీళ్లలో ఉండే చోటు. అందుకే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్లలో దిగుతారు, మధ్యలో వేడి పోకుండా మూత వేసి ఉంచుతారు. ఆ టబ్బు పొట్టిగా, లోతుగా ఉంటుంది. అందులో పడుకోరు, కూర్చుంటారు. చిన్న బాత్రూంకు టబ్బు ఎంచుకునేవాళ్లు పట్టుకోవలసిన కీలకం ఇదే: పొడవు వదులుకోండి, లోతు వదులుకోకండి.

మన షోరూముల్లో మాత్రం పొడవు గురించే చెబుతారు. రాణీగంజ్‌లో ఒక శానిటరీ షాపుకు వెళ్లినప్పుడు, "ఇది ఫైవ్ ఫీట్ మేడమ్, అందరూ ఇదే తీసుకుంటారు" అని తెల్లగా మెరుస్తున్న టబ్బు చూపించాడు అక్కడి కుర్రాడు. అక్క చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని అందులో దిగి కూర్చుంది. నేను టేపు తీసి అడుగు నుంచి ఓవర్‌ఫ్లో కన్నం దాకా కొలిచాను. పన్నెండు అంగుళాలు. నీళ్లు ఆ కన్నం దాటి నిలవవు కదా. అంటే కూర్చుంటే బొడ్డు దాటి కాస్త పైకి వస్తాయి, పడుకుంటే మోకాళ్లు బయట మిగులుతాయి. అక్క లేచి, "ఇది పసిపిల్లలకు నీళ్లు పొయ్యడానికి బాగుంటుంది" అని పక్కకు నడిచింది. కేటలాగులో రాసే లోతు అంచు నుంచి అడుగుకు ఉన్న లోతు. మనకు పనికొచ్చేది అడుగు నుంచి ఓవర్‌ఫ్లో కన్నం దాకా ఉన్న లోతు. ఈ రెంటికీ తేడా మూడు నాలుగు అంగుళాలు ఉండొచ్చు. పొడవూ అంతే. నాలుగడుగులని రాస్తే అది బయటి కొలత. రెండు వైపులా అంచులు, వాలు పోగా లోపల అడుగున కూర్చునే చోటు మూడడుగులకు అటూ ఇటూగా మిగులుతుంది.

కాబట్టి బాత్రూంతో పాటు మనిషినీ కొలవాలి. నేల మీద గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, నేల నుంచి భుజం దాకా ఎంతుందో చూడాలి. మా అక్కకు ఇరవై ఒక్క అంగుళాలు వచ్చింది. వెనక్కి వాలి, మోకాళ్లు కాస్త ముడిస్తే పద్దెనిమిది అంగుళాల నీళ్లలో భుజాలు మునుగుతాయి. అంత లోతున్నది, 1200 మిల్లీమీటర్ల పొడవు, 700 వెడల్పు ఉన్నది వెతికితే దొరికింది. కొనేముందు ఆ కొలతకు పాత న్యూస్‌పేపర్లు అతికించి బాత్రూంలో పరిచాం. తలుపు తెరిచి చూశాం, కమోడ్ మీద కూర్చుంటే మోకాలికి అడ్డొస్తుందేమో చూశాం. లోపలికి తెరుచుకునే తలుపు టబ్బు మూలకు తగిలింది. తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పించడం వడ్రంగికి ఒక పూట పని. పైగా లోపల ఎవరైనా పడిపోతే బయటి నుంచి తెరవడానికీ అదే మేలు.

బరువు సంగతి చాలామంది అడగరు, అడిగి తీరాలి. పద్దెనిమిది అంగుళాల దాకా నిండితే ఆ టబ్బులో 210 లీటర్లు పడతాయి. లీటరు నీళ్లు కిలో. టబ్బు బరువు ఓ ముప్ఫై కిలోలు వేసుకుంటే మొత్తం 240. నిండిన టబ్బులోకి మనిషి దిగినా ఈ లెక్క పెద్దగా మారదు, మునిగినంత మేర నీళ్లు పొంగి బయటికి పోతాయి. ఆర్కిమెడీస్ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఇళ్ల స్లాబులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే భారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, బాత్రూంలకూ అంతే. టబ్బు ఆక్రమించేది చదరపు మీటరులోపే కాబట్టి ఆ కాస్త చోట భారం ఈ గీత దాటుతుంది. దాటినంత మాత్రాన స్లాబు దిగిపోదు. గదిలో మిగతా నేల ఖాళీగా ఉంటుంది, గోడ పక్కన, బీము దగ్గర స్లాబుకు దన్ను ఎక్కువ. కానీ బాత్రూం కింద సంకెన్ స్లాబు ఉండి, దాన్ని ఇటుక ముక్కలతో నింపి ఉంటే ఆ బరువు ఇప్పటికే అక్కడుంది. పాత భవనమైతే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించి, ఆయన సరేనన్నాకే అడ్వాన్సు ఇవ్వాలి. అక్క వాళ్ల టబ్బు గోడ వైపు, కింద బీము ఉన్న చోటికి జరిగింది ఆయన చెప్పినందుకే.

ఇక వేడినీళ్లు. నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క ఇది. మనిషి మునిగే చోటు పోగా టబ్బుకు కావలసినవి 150 లీటర్లు, ఒంటికి హాయిగా 40 డిగ్రీలు. మన ఇళ్లలో మామూలుగా ఉండే 25 లీటర్ల గీజరు నీళ్లను 60 డిగ్రీలకు కాచిందనుకుందాం. కుళాయి నీళ్లు 25 డిగ్రీలుంటే, రెండూ కలిపితే వచ్చే 40 డిగ్రీల నీళ్లు 58 లీటర్లే. టబ్బు నిండాలంటే గీజరు దాదాపు మూడుసార్లు కాగాలి. రెండు కిలోవాట్ల గీజరుకు ఒక్కో కాపుకు అరగంట. మూడోది కాగేసరికి మొదట పోసినవి చల్లారుతుంటాయి. చలికాలంలో ఇంకా కష్టం. టబ్బు కొని రెండు వారాలకే దాన్ని బట్టలు నానబెట్టడానికి వాడే ఇళ్లు ఉన్నాయంటే సగం కారణం ఈ గీజరే. 50 లీటర్లది పెట్టించుకోవాలి, దాన్ని మోసే గోడ గట్టిదై ఉండాలి. కరెంటు భయం అక్కర్లేదు. 150 లీటర్లను 25 నుంచి 40కి తేవడానికి పట్టేది రెండున్నర యూనిట్ల పైచిలుకు. డాబా మీద సోలార్ హీటరున్న భవనమైతే అదీ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే మధ్యాహ్నానికి కాగి ఉంటాయి, గీజరు స్విచ్చు వెయ్యాల్సిన పనే లేదు.

నీళ్ల వాడకం గురించి మా బావగారు పట్టుబట్టారు, ఆయన పట్టుబట్టడం న్యాయమే. ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లో 150 లీటర్లంటే చిన్న మాట కాదు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణం. ఒక్క టబ్బు దాన్ని మించిపోతుంది. షవర్ నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు వదులుతుంది కాబట్టి పావుగంట షవర్ కింద నిలబడినవాళ్లూ అంతే ఖర్చు చేస్తున్నారు, ఎవరూ లెక్కపెట్టడం లేదు. రెండు బకెట్ల స్నానంతో పోలిస్తే రెండూ దుబారాయే. ఎల్లంపల్లి నుంచి పైపుల్లో అంత దూరం ఎక్కించి తెస్తున్న గోదావరి నీళ్లివి, చిన్నచూపు చూడకూడదు. అందుకే అక్క టబ్బు వారానికోసారే, అదీ ఆదివారం. రోజూ బకెట్టే. జపాన్ వాళ్ల పద్ధతిలో బయట సబ్బు కడుక్కుని దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు మురికి కావు. తర్వాత వాటినే మగ్గుతో తోడి ఇల్లు తుడవడానికి, ఫ్లష్‌కు బదులు పొయ్యడానికి వాడుకుంటారు. సోమవారం సాయంత్రానికి టబ్బు ఖాళీ అయిపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఇలా నిలవ ఉంచకూడదు. పిల్లలకు కొద్దిపాటి నీళ్లు కూడా ప్రాణాంతకమే. మనవలు వచ్చిన రోజున వెంటనే వదిలేస్తారు.

ఏ సరుకుతో చేసిన టబ్బు తీసుకోవాలన్నది పెద్ద చిక్కు కాదు. పోత ఇనుముది చాలా బరువు, రెండో అంతస్తులో వద్దు. యాక్రిలిక్ తేలిక, ముట్టుకుంటే చల్లగా కొట్టదు. అడుగున అరచేతితో గట్టిగా నొక్కి చూడాలి. లోపలికి దిగి లేస్తే పలచటి రేకు, అడుగున ఫైబర్ పూత చాల్లేదని అర్థం. మేస్త్రి ఇటుకలతో కట్టి టైల్స్ వేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. నీళ్ల వేడిని గోడలే తాగేస్తాయి, టైల్స్ సందుల్లోంచి ఎప్పటికైనా చెమ్మ దిగుతుంది. బోరు నీళ్ల తెల్లచారలకు నిమ్మచెక్క చాలు. బాత్రూం యాసిడ్ పోస్తే యాక్రిలిక్ మెరుపు శాశ్వతంగా పోతుంది, పనిమనిషికి ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

ముసలివాళ్ల కోసమైతే ఎక్కడం దిగడమే అసలు పరీక్ష. లోతైన టబ్బు అంచు ఎత్తుగా ఉంటుంది. తలుపున్న టబ్బులు దొరుకుతున్నాయి, దాటే పని లేకుండా తలుపు తెరిచి లోపలికి అడుగు పెట్టొచ్చు. వినడానికి బాగుంది. కానీ తలుపు మూశాకే నీళ్లు నింపాలి, నీళ్లన్నీ పోయాకే తలుపు తెరవాలి. నింపుతున్నంతసేపూ, ఖాళీ అవుతున్నంతసేపూ మనిషి బట్టల్లేకుండా చలికి కూర్చోవలసిందే. మేం తీసుకున్న దానికి ఒక వైపు అంచు వెడల్పుగా ఉంది. దాని మీద కూర్చుని, ఒక కాలు, తర్వాత రెండో కాలు లోపలికి తిప్పుకుని, కడ్డీ పట్టుకుని దిగుతుంది అక్క. ఆ స్టీలు కడ్డీని ఇటుక గోడలోకి బోల్టులతో బిగించాలి. టైలుకు అతుక్కునే రబ్బరు కప్పుల కడ్డీని నమ్ముకోవడం ప్రమాదం. టబ్బు అడుగున జారని చాప కూడా ఉండాలి. ఏ మెట్టు మీద కాలు జారుతుందో రేవు తెలిసినవాళ్లకు తెలుసు, టబ్బు అడుగు ఆ మెట్టు కంటే నున్నగా ఉంటుంది.

బిగించే రోజున ప్లంబర్‌తో కాస్త వాదన జరిగింది. టబ్బు ముందు భాగాన్ని టైల్స్‌తో పూర్తిగా మూసేస్తే చూడ్డానికి బాగుంటుందన్నాడు. కింద ట్రాప్ మూసుకుపోతే, జాయింటు కారితే ఆ టైల్స్ అన్నీ పగలగొట్టాలి. ఊడదీసే ప్యానెల్ పెట్టమన్నాం. టబ్బు కింది నేలకూ నహానీ ట్రాప్ వైపు వాలు ఉండాలని, టబ్బు పెట్టకముందే వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చెయ్యాలని పట్టుబట్టాం. అన్నీ అయ్యాక టబ్బును ఓవర్‌ఫ్లో దాకా నింపాడు.

"రెండు గంటలు చూస్తే చాలమ్మా, కారితే తెలిసిపోద్ది" అన్నాడు.

"రాత్రంతా ఉండనీ బాబూ, పొద్దున వదిలి చూద్దాం" అంది అక్క.

పొద్దున్నే కింది ఫ్లాటావిడను అడిగి, వాళ్ల బాత్రూంలో స్టూలెక్కి టార్చి వేసి చూశాం. సీలింగు పొడిగానే ఉంది. పైన బిరడా తీసి నీళ్లు ఒక్కసారిగా వదిలినప్పుడు మాత్రం, టబ్బు కింద ట్రాప్ జాయింటు దగ్గర ఒక్కో చుక్కే ఊరింది. నిలవ నీళ్లతో పరీక్షిస్తే అది బయటపడేది కాదు. ప్లంబర్ వాషర్ మార్చాడు. అక్క మళ్లీ నింపించింది, మళ్లీ వదిలించింది, చేత్తో జాయింటు తడిమి చూసి, "ఇప్పుడు బిగించు" అంది.